దేవుని చిత్తం కోసం ప్రార్థన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం మారాలా, ఈ సంబంధానికి ఒప్పుకోవాలా, పూర్తికాల సేవకు వెళ్ళాలా, మరో ఊరికి తరలిపోవాలా? ఇలాంటి మలుపుల్లో విశ్వాసులు తరచూ అడిగే ప్రశ్నలను, వాక్యం ఆధారంగా, ఆచరణలో పనికొచ్చేలా ఇక్కడ చేర్చాం.

దేవుని చిత్తం అంటే ఏమిటి? అందులో నేను వెతకవలసింది ఎంత?

చాలామంది అనుకునేదాని కన్నా వెతకవలసింది తక్కువే. ఆయన చిత్తంలో పెద్ద భాగం ఇప్పటికే చెప్పేశాడు. పరిశుద్ధంగా ఉండటం, జారత్వానికి దూరంగా ఉండటం దేవుని చిత్తమని 1 థెస్సలొనీకయులకు 4:3 చెబుతుంది. ఎల్లప్పుడూ సంతోషంగా ఉండటం, ఎడతెగక ప్రార్థించడం, ప్రతి విషయంలో కృతజ్ఞతలు చెల్లించడం ఆయన చిత్తమని అదే పత్రిక 5:16–18 చెబుతుంది. న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనసుతో ఉండటం (మీకా 6:8) గురించి ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కరలేదు.

మరో భాగాన్ని ఆయన తన దగ్గరే ఉంచుకున్నాడు. రహస్యాలు యెహోవాకు చెందుతాయి, బయలుపరచినవి మనకూ మన సంతతికీ చెందుతాయి (ద్వితీయోపదేశకాండము 29:29). వచ్చే ఏడాది ఏమవుతుందో ముందే తెలుసుకోవాలన్న ఆరాటానికి ప్రార్థన అని పేరు పెట్టినా అది సోదె అడగటానికి దగ్గరి పని.

ఈ రెండింటి మధ్య మిగిలినది మనం జ్ఞానంతో నిర్ణయించుకోవలసిన భాగం. రెండు ఉద్యోగాలూ న్యాయమైనవే, ఏది తీసుకోవాలి? ఇలాంటి చోటే ప్రార్థనకు పని. యాకోబు 1:5 ఇక్కడ మాట ఇచ్చేది జ్ఞానం గురించి. సూచనలు, కలలు ఇస్తానని ఆ వచనంలో లేదు.

ఏ విషయాల్లో "దేవుని చిత్తమేమో" అని అడగకూడదు?

ఆజ్ఞ స్పష్టంగా ఉన్నచోట. తీసుకున్న అప్పు తీర్చాలా, లెక్కల్లో అబద్ధం రాయాలా, పరస్త్రీతో లేదా పరపురుషుడితో సంబంధం కొనసాగించాలా అని ప్రార్థనలో పెట్టడమంటే జవాబు తెలిసీ గడువు అడగటమే. బిలాముకు దేవుడు మొదటిసారే "వెళ్ళవద్దు" అన్నాడు. ఎక్కువ ఘనత చూపించి రెండోసారి మనుషులు రాగానే అతను మళ్ళీ అడిగాడు (సంఖ్యాకాండము 22). ఆ రెండో ప్రార్థన భక్తిలో నుంచి పుట్టింది కాదు.

ప్రార్థన మొదలుపెట్టకముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

ఒక కాగితం తీసుకుని నాలుగు సంగతులు రాయండి. మొదటిది, ప్రశ్న ఒకే వాక్యంలో. "నా భవిష్యత్తు గురించి నడిపించు" అంటే జవాబు వచ్చినా గుర్తుపట్టలేరు. "ఫలానా సంస్థలో వచ్చిన ఉద్యోగాన్ని ఒప్పుకోవాలా, వద్దా?" అంటే తేలుతుంది. రెండోది, జవాబు ఎప్పటిలోగా చెప్పాలి. మూడోది, ఈ నిర్ణయం ఎవరెవరి మీద పడుతుంది: జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, సంఘం. నాలుగోది, మీకు ఇంకా తెలియని వాస్తవాలు: జీతం, పని గంటలు, ఒప్పందంలోని షరతులు, అక్కడ సంఘ సహవాసం దొరుకుతుందో లేదో.

నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఒక ఫోన్ చేస్తే తెలిసే సంగతి కోసం మూడు రాత్రులు మోకరించడం వల్ల విశ్వాసం పెరగదు. అయితే వాస్తవాలు మాత్రమే చూసి ప్రార్థన మానేసినా ప్రమాదమే. గిబియోనీయుల ఎండిన రొట్టెల్ని, చినిగిన ద్రాక్షారసపు తిత్తుల్ని ఇశ్రాయేలు పెద్దలు చూశారు, పరీక్షించారు, కానీ యెహోవాను విచారించలేదు (యెహోషువ 9:14). మూడు రోజులకే మోసం బయటపడింది. అప్పటికే ప్రమాణం చేసేశారు.

ఏ క్రమంలో ప్రార్థించాలి?

ఇదే క్రమం తప్పనిసరి అని ఎక్కడా లేదు. ముప్పై నుంచి నలభై నిమిషాల ఏకాంత ప్రార్థనకు ఈ వరుస బాగా పనిచేస్తుంది.

మొదటి ఐదు నిమిషాలు స్తుతి. అడగబోయే సంగతిని పక్కన పెట్టి, దేవుడు ఎలాంటివాడో ఒక కీర్తనను నెమ్మదిగా పైకి చదవండి. 25, 27, 143 కీర్తనలు ఈ సందర్భానికి అతికినట్టు ఉంటాయి. తర్వాత ఒప్పుకోలు. పొడి మాటలు వద్దు, పాపాన్ని దాని పేరుతోనే చెప్పండి. నా హృదయంలో పాపాన్ని లక్ష్యం చేస్తే ప్రభువు వినడని కీర్తన 66:18 అంటోంది. ఎవరితోనైనా తెగని గొడవ గుర్తొస్తే ఆ పేరు రాసుకోండి, లేచాక వారితో మాట్లాడాలి.

ఆ తర్వాతిది అన్నిటికన్నా కష్టమైన భాగం, ఎక్కువ సమయం దానికే ఇవ్వండి. మీకు ఏం కావాలో దాచకుండా దేవునికి చెప్పండి. యేసు గెత్సేమనేలో మొదట తన కోరిక చెప్పాడు: ఈ గిన్నె తొలగిపోవాలి. ఆ మాట చెప్పాకే "నా యిష్టము కాదు నీ చిత్తమే సిద్ధించును గాక" అన్నాడు. కోరికే లేనట్టు నటించడాన్ని అప్పగింత అనరు. పైగా ఆయన అదే ప్రార్థన మూడుసార్లు చేశాడు (మత్తయి 26:44). ఒక్కసారికే మనసు లొంగకపోతే మీరు సిగ్గుపడనక్కరలేదు.

అప్పుడు కాగితం మీది ప్రశ్నను పైకి చదివి, జ్ఞానం అడగండి. తర్వాత పది నిమిషాలు ఏమీ మాట్లాడకండి. మనసు పరుగులు తీస్తుంది, సహజమే. ఒక్క చిన్న వచనాన్ని పట్టుకుని మళ్ళీ నిలబడండి. చివరగా, మనసులో బలంగా వచ్చిన తలంపుల్ని తేదీతో రాసి ముగించండి. అదే రోజు తీర్పు చెప్పకండి. వారం, రెండు వారాల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే, ఒక్క రోజు ఉద్వేగంతో రాసిన మాటలు, రోజు తర్వాత రోజు తిరిగి వచ్చిన మాటలు వేరువేరుగా కనిపిస్తాయి.

నేను ముందే నిర్ణయించుకుని దేవుని పేరు తగిలిస్తున్నానేమో. ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. ఎందుకంటే తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

యిర్మీయా 42వ అధ్యాయం తెరవండి. యెరూషలేము కూలిపోయింది, అధిపతిగా ఉన్న గెదల్యాను చంపేశారు. మిగిలిన ప్రజలు, కారేహ కుమారుడైన యోహానానుతో సహా, ప్రవక్త దగ్గరికి వచ్చి మేము నడవవలసిన మార్గం దేవుడు తెలపాలి అని బతిమాలారు. మేలైనా కీడైనా ఆయన చెప్పినట్టే చేస్తామని ఒట్టు పెట్టుకున్నారు. చూడటానికి ఎంత చక్కని ప్రార్థనాభారం! కానీ ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్ళి 41:17 చూడండి. అప్పటికే వాళ్ళు ఐగుప్తుకు పోవాలని బయలుదేరి, బేత్లెహేము దగ్గర దిగి ఉన్నారు. మూటలు కట్టేసి దారి అడిగారన్నమాట. పది రోజుల తర్వాత జవాబు వచ్చింది: ఈ దేశంలోనే ఉండండి. వెంటనే వాళ్ళు యిర్మీయాతో అన్న మాట, "నీవు అబద్ధమాడుచున్నావు" (43:2). చివరికి ఐగుప్తుకే వెళ్ళారు, ప్రవక్తను కూడా తీసుకుపోయారు.

మీ మూటలు కట్టి ఉన్నాయో లేదో చూసుకోవడానికి కొన్ని ప్రశ్నలున్నాయి. దేవుడు "వద్దు" అంటే నేను చేయబోయే మొదటి పని ఏమిటి? దానికి జవాబు రాయలేకపోతే, "వద్దు" అనే మాటకు మీ ప్రార్థనలో చోటే లేదన్నమాట. కాదంటారని తెలిసిన వారిని సలహా అడగకుండా తప్పించుకుంటున్నానా? నా కోరికకు ఒప్పుకునే వచనాలే దొరుకుతున్నాయా? ఈ సంగతి దేవునితో మాట్లాడకముందే బంధువులకు చెప్పేశానా, డబ్బు కట్టేశానా? రెండు మూడింటికి అవునని వస్తే ఇంకా నిర్ణయం దగ్గరికి రావద్దు. ప్రార్థన అంశాన్ని మార్చండి: "ప్రభువా, ఏది చేయాలో ఇప్పుడే అడగను, ముందు నీ మాట వినే మనసివ్వు." బ్రిస్టల్‌లో వేలమంది అనాథలను పోషించిన జార్జ్ ముల్లర్ (1805–1898) కూడా మొట్టమొదట ఆ విషయంలో తన సొంత ఇష్టం అంటూ ఏదీ మిగలని స్థితికి హృదయాన్ని తెచ్చుకోవడానికే ప్రయత్నించేవాడు. చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడే విడిపోతుందని ఆయన అభిప్రాయం.

మనసులో సమాధానం కలిగితే అదే జవాబు కదా?

మంచి తోడు సాక్ష్యమే. ఒంటరిగా మాత్రం చాలదు. తర్షీషుకు పారిపోతున్న యోనా, తుపానులో ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. అవిధేయతలో కూడా హాయిగా నిద్ర పడుతుంది. గెత్సేమనేలో యేసు తండ్రి చిత్తం మధ్యలోనే ఉండి వేదన పడ్డాడు, చెమట రక్తబిందువుల్లా కారింది. కష్టమైన విధేయతకు ముందు గుండె దడదడలాడటం సహజం.

చూడవలసింది ఒకటుంది: భయం దేని గురించి? "కష్టపడాలేమో" అన్న భయం పక్కకు పెట్టదగినది. "ఇందులో ఏదో నిజాయితీ లేదు" అని పదేపదే పొడిచే కలవరాన్ని మాత్రం దాటిపోకండి.

కళ్ళు మూసుకుని బైబిలు తెరిస్తే వచ్చిన వచనాన్ని జవాబుగా తీసుకోవచ్చా?

వద్దు. దీనికి ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీన్‌ను సాక్ష్యంగా చూపిస్తారు. 386లో మిలాన్‌లో, తోటలో ఉండగా "తీసి చదువు" అన్న స్వరం విని, పౌలు పత్రిక తెరిచి రోమా 13:13–14 చదివి మారిపోయాడన్నది నిజమే. కానీ ఆయనకు దొరికింది పాపం విడిచిపెట్టమనే స్పష్టమైన ఆజ్ఞ. అది ఆయనకు ఎప్పటినుంచో తెలుసు, లోబడలేకపోతున్నాడు. ఉద్యోగమో ఊరో ఎంచుకోవడానికి ఆయన పుస్తకం తెరవలేదు. లోకవ్యవహారాల కోసం సువార్త పుటల్లో చీటీ తీసినట్టు వెతికే అలవాటు తనకు నచ్చదని తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు కూడా.

వచనాన్ని దాని సందర్భం నుంచి తెంచితే అది మీరు కోరిందే పలుకుతుంది. దానికి బదులు, నిర్ణయం తేలేవరకు ఒకే పుస్తకాన్ని వరుసగా, రోజుకో అధ్యాయం చొప్పున చదవండి. యాకోబు పత్రిక ఐదు అధ్యాయాలే. సామెతలు ముప్పై ఒకటి, నెలకు సరిగ్గా సరిపోతుంది.

గిద్యోనులా ఒక గుర్తు అడగవచ్చా?

గిద్యోనుకు దేవుడు ముందే మాట ఇచ్చేశాడు. "నీవు సెలవిచ్చినట్లు" అని అతనే ఒప్పుకుంటూ గొర్రెబొచ్చు పరిచాడు (న్యాయాధిపతులు 6:36–40). అంటే చిత్తం తెలియక అడగలేదు, తెలిసినదాన్ని నమ్మలేక అడిగాడు. ఒకసారి తడిసినా చాలక రెండోసారి అడిగాడు. దేవుడు అతని బలహీనతను ఓర్చుకున్నాడు. మనకు పద్ధతిగా ఇవ్వలేదు.

చీట్లు కూడా అంతే. యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి అపొస్తలులు చీట్లు వేశారు (అపొ. కార్యములు 1:26). పెంతెకొస్తు దినాన ఆత్మ దిగివచ్చాక సంఘం అలా నిర్ణయించినట్టు కొత్త నిబంధనలో మరెక్కడా లేదు. 18వ శతాబ్దంలో మొరేవియన్ సంఘాలు (ఒక ప్రొటెస్టెంట్ శాఖ) పెళ్ళిళ్ళకు కూడా చీట్లు వేసేవి. తర్వాతి శతాబ్దంలో వాళ్ళే ఆ పద్ధతి మానేశారు.

"సాయంత్రంలోగా ఫలానావారు ఫోన్ చేస్తే ఇది నీ చిత్తం" అని షరతు పెట్టినప్పుడు, ఫోన్ వచ్చినా రాకపోయినా మీకు దొరికేది సందేహమే.

తలుపు తెరుచుకుంటే వెళ్ళిపోవచ్చా? మూసుకుపోతే ఆగిపోవాలా?

యోనా యొప్పేకు వెళ్ళేసరికి తర్షీషు ఓడ సిద్ధంగా ఉంది, చేతిలో కేవు (ఓడ ఛార్జీ) ఇవ్వడానికి డబ్బూ ఉంది. తెరిచిన తలుపే! మరోవైపు ఎఫెసులో పౌలుకు మంచి అవకాశం తెరుచుకుంది, అక్కడే ఎదిరించేవాళ్ళూ చాలామంది ఉన్నారు (1 కొరింథీయులకు 16:8–9). ఎదిరింపు చూసి ఆయన ఆగలేదు. త్రోయలో తలుపు తీసి ఉన్నా, తీతు కనబడక మనసుకు నెమ్మది లేక ముందుకు సాగిపోయాడు (2 కొరింథీయులకు 2:12–13). కాబట్టి పరిస్థితులు ఏ ఎంపికలు మిగిలాయో చెప్పగలవు. వాటిలో ఏది మంచిదో అవి చెప్పలేవు.

నడిపింపు ఎలా సాగుతుందో అపొ. కార్యములు 16:6–10 లో దగ్గరగా చూడవచ్చు. ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరిచాడు. బితూనియకు వెళ్ళబోతే అక్కడా వెళ్ళనివ్వలేదు. అప్పుడు త్రోయకు వచ్చారు. రాత్రి మాసిదోనియవాడి దర్శనం. దర్శనం వచ్చింది పౌలుకొక్కడికే, కానీ పదో వచనంలో నిశ్చయించుకున్నది "మేము". దర్శనాన్ని కూడా జతవారి ముందు పెట్టి, కలిసి ఆలోచించి, ఓడ ఎక్కారు. వెళ్ళిన ఫిలిప్పీలో బెత్తం దెబ్బలు, చెరసాల ఎదురయ్యాయి. దెబ్బలు తిన్నందుకు దారి తప్పామని వాళ్ళు అనుకోలేదు.

ఒక దైవజనుడు నా గురించి ప్రవచనం చెప్పారు. పాటించాలా?

ప్రవచనాన్ని తృణీకరించవద్దని చెప్పిన చోటే, సమస్తాన్ని పరీక్షించమనీ ఉంది (1 థెస్సలొనీకయులకు 5:20–21). పరీక్షించడం అవిశ్వాసం కాదు, ఆజ్ఞ. వాక్యానికి విరుద్ధంగా ఉంటే అక్కడే ఆపండి. మీ పెద్దల ముందు బహిరంగంగా చెప్పడానికి చెప్పినవారు ఒప్పుకుంటారా? గోప్యంగా ఉంచమంటే జాగ్రత్తపడండి. నెరవేరాలంటే ఇంత కానుక ఇవ్వాలన్నా, ఇవ్వకపోతే శాపమన్నా అది దేవుని మాట కాదు, వదిలేయండి. మీ ప్రార్థనలో ముందే నడుస్తున్నదాన్ని బలపరుస్తోందా, లేక పూర్తిగా కొత్త దారిలోకి తోస్తోందా అని కూడా చూడండి.

1 రాజులు 13లో ఒక దైవజనుడికి దేవుడు సూటిగా చెప్పాడు: నేను పంపే బేతేలులో తినవద్దు, తాగవద్దు. ముసలి ప్రవక్త ఒకడు వచ్చి దేవదూత నాతో చెప్పాడని అబద్ధమాడి భోజనానికి తీసుకుపోయాడు. నమ్మి వెళ్ళినవాడు దారిలో సింహం చేతిలో చనిపోయాడు. చెప్పినవారి వయసు, పేరు ఎంత పెద్దవైనా, మీకు స్పష్టంగా తెలిసిన ఆజ్ఞను అవి కొట్టివేయలేవు. కలలకూ ఇదే పరీక్ష.

ఉపవాసం ఉంటే జవాబు త్వరగా వస్తుందా?

దేవుణ్ణి ఒత్తిడి చేయడానికి ఉపవాసం సాధనం కాదు. అంతియొకయ సంఘం ప్రభువును సేవిస్తూ ఉపవాసం ఉన్నప్పుడు ఆత్మ బర్నబాను, సౌలును ప్రత్యేకపరచమన్నాడు (అపొ. కార్యములు 13:2–3), వాళ్ళ మనసు వినేందుకు ఖాళీ అయి ఉంది. అలవాటు లేనివారు ఒక్క పూట భోజనం మాని ఆ సమయాన్ని ప్రార్థనకు ఇస్తే చాలు. నీళ్ళు మానకండి. ముగించేటప్పుడు తేలికైన ఆహారంతో, కొద్దిగా మొదలుపెట్టండి. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోజూ మందులు వేసుకునేవారు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది ఉన్నవారు డాక్టరును అడగకుండా ఉపవాసం చేయవద్దు. ఫోన్, టీవీ మానడం వారికి మంచి ప్రత్యామ్నాయం. ఉపవాస దినాన పనివారిని పీడించి, కలహమాడితే ఆ ఉపవాసం లెక్కకు రాదని యెషయా 58 గట్టిగా చెబుతుంది.

ఎవరి సలహా అడగాలి? ఎంతమందిని?

ముగ్గురు నలుగురు చాలు. పదిమందిని అడిగితే మనకు నచ్చిన జవాబు ఎవరో ఒకరి దగ్గర దొరికేస్తుంది. మిమ్మల్ని బాగా ఎరిగినవారు ఒకరు, ఆ రంగం తెలిసినవారు ఒకరు, వాక్యంలో స్థిరపడిన పెద్ద ఒకరు. వీరిలో కనీసం ఒక్కరికి ఈ నిర్ణయంతో లాభనష్టాలు లేకుండా చూడండి. క్వేకర్లలో (మౌన ఆరాధనకు పేరుపొందిన క్రైస్తవ శాఖ) ఒక మంచి ఆచారం ఉంది: నిర్ణయం తీసుకోవలసిన వ్యక్తి చుట్టూ కొద్దిమంది కూర్చుని ప్రశ్నలు మాత్రమే అడుగుతారు, సలహా ఇవ్వరు, మధ్యలో మౌనంగా ఉంటారు. మీ ప్రార్థన సహవాసంలో ఇది చేసి చూడండి. "నా మాటగా చెబుతున్నా, నువ్వు..." అని ఎవరైనా మొదలుపెడితే, దాన్ని ప్రశ్నగా మార్చి అడగమనండి.

పెళ్ళి విషయంలో దేవుడు ఒక్కరినే నియమించాడా?

అలా నియమించిన ఒక్కరిని కనిపెట్టి తీరాలని వాక్యం ఎక్కడా ఆజ్ఞాపించలేదు. భర్త చనిపోయిన స్త్రీ తనకు ఇష్టమైనవాడిని చేసుకోవచ్చు, "ప్రభువునందు మాత్రమే" అని 1 కొరింథీయులకు 7:39 అంటుంది. హద్దు ఉంది, ఆ హద్దులో స్వేచ్ఛా ఉంది. ఎదుటివారి విశ్వాసం, కోపం వచ్చినప్పటి ప్రవర్తన, డబ్బు విషయంలో నిజాయితీ, తమకన్నా చిన్నవారితో మాట్లాడే తీరు: ఇవి తెలుసుకోండి. "నువ్వే నా భార్యవని దేవుడు చెప్పాడు" అని ఎవరైనా అంటే, అదే మాట ఆయన ఆమెకూ చెప్పేవరకు ఆమెకు ఏ బాధ్యతా లేదు.

ఇంట్లో దెబ్బలు తింటున్నవారికి ఒక మాట. భరించడమే దేవుని చిత్తమని ఎవరు చెప్పినా నమ్మవద్దు. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పించుకుని పారిపోయాడు. ముందు సురక్షితమైన చోటికి వెళ్ళండి, ప్రార్థన అక్కడి నుంచి చేయవచ్చు.

"నీ చిత్తమైతే" అని ప్రార్థిస్తే విశ్వాసం తక్కువైనట్టా?

యేసు ప్రార్థించిన మాటను విశ్వాసలోపం అనలేం. ఆయన చిత్తానుసారంగా ఏది అడిగినా వింటాడన్నదే 1 యోహాను 5:14 ఇచ్చే ధైర్యం. అయితే నిరాశను కప్పిపుచ్చడానికి, అడగకుండానే వదిలేయడానికి ఈ మాట వాడితే అది వేరే సంగతి. స్వస్థత కావాలంటే స్వస్థత అనే స్పష్టంగా అడగండి. పౌలు తన శరీరంలోని ముల్లు (తనను బాధించే బలహీనత) తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. దొరికిన జవాబు "నా కృప నీకు చాలును" (2 కొరింథీయులకు 12:9). అడగటమూ, ఆ జవాబును ఒప్పుకోవడమూ రెండూ విశ్వాసమే.

ఎంత ఎదురుచూసినా జవాబు రావడం లేదు. గడువు దగ్గరపడింది.

వాక్యానికి విరుద్ధం కాదని తేలి, వాస్తవాలు తెలుసుకుని, పెద్దలు అడ్డు చెప్పక, మీ మూటలు విప్పి ప్రార్థించాక కూడా రెండు దారులూ సమానంగా కనిపిస్తే, ఏదో ఒకటి ఎంచుకోండి. అది మీకు ఇచ్చిన స్వేచ్ఛ. జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా (1491–1556) ఇలాంటి వేళకు కొన్ని ఊహలు సూచించాడు: ముక్కూమొహం తెలియని మనిషి ఇదే ప్రశ్నతో వస్తే ఏం చెబుతారు? మరణపడక మీద ఉండి వెనక్కి చూస్తే ఏది ఎంచుకుని ఉంటే బాగుండేదనిపిస్తుంది? ఎంచుకున్నాక దాన్ని దేవుని ముందు పెట్టి, అంగీకరించమని అడగమన్నాడు.

ఆయనదే మరో హెచ్చరిక: ఆత్మ ఎండిపోయి, దేవుడు దూరమైనట్టున్న రోజుల్లో, ముందు స్థిరంగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దు. ఏలీయా బదరీచెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు వెంటనే కొత్త పని చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పంపాడు, అదీ రెండుసార్లు (1 రాజులు 19:5–8). దుఃఖం వారాల తరబడి వదలకపోతే, చచ్చిపోవాలనిపిస్తుంటే, ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టి వెంటనే డాక్టరును, నమ్మకమైన ఒకరిని కలవండి.

నిర్ణయం తప్పయిందనిపిస్తే?

మొదట తేల్చుకోండి: అది పాపమా, లేక కష్టమా? పాపమైతే ఒప్పుకుని విడిచిపెట్టాలి, నష్టపోయినవారికి తిరిగి చెల్లించాలి. ఊరికే కష్టమైతే ఫిలిప్పీ చెరసాలను గుర్తు చేసుకోండి. కనీసం మూడు నెలలు గడిచాక, మీరు రాసుకున్న కాగితం తీసి, అప్పుడు ఏ కారణాలతో నిర్ణయించారో చదవండి. ఆ కారణాలు ఇంకా నిలిచి ఉంటే కొనసాగండి, మారిపోయి ఉంటే కొత్త ప్రశ్నగా రాసి మళ్ళీ మొదటి నుంచి అడగండి. ఫిలిష్తీయులు రెండోసారి రెఫాయీము లోయలోకి వచ్చినప్పుడు, మొదటిసారి గెలిచిన పద్ధతినే నమ్ముకోకుండా దావీదు మళ్ళీ విచారించాడు. ఈసారి చుట్టూ తిరిగి కంబళిచెట్ల ఎదుటి నుంచి రమ్మని వేరే జవాబు వచ్చింది (2 సమూయేలు 5:22–25).